అమ్మకి అబద్ధం చెప్పి ఆశ్రమంలో చేర్చాం

ఆంధ్రప్రదేశ్ వయోవృద్ధుల సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా అమ్మకి 78 ఏళ్లు. పోయిన ఏడాది వృద్ధాశ్రమంలో చేర్చాం. నిజం చెబితే రాదన్న భయంతో కంటి డాక్టరు దగ్గరికి వెళ్దామని కారెక్కించాం. వారం రోజులపాటు ఆమె పాత చీటీల కవరు ఒళ్లో పెట్టుకుని, డాక్టరెప్పుడొస్తాడని కనిపించిన వాళ్లందరినీ అడిగిందట. అక్కడి ఆయా చెప్పింది. ఆ తప్పు మాదే.

తిండికి, శుభ్రతకి వంక పెట్టడానికి లేదు. అయినా మొదటి నెలలోనే అమ్మ సగమైపోయింది. పెళ్లయిన దగ్గర్నుంచీ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి ముగ్గేసిన మనిషి, అక్కడ ఆరింటికి తలుపు తీసేదాకా మంచం మీద ఊరికే కూర్చునేది. చివరికి ఆ ఆయానే తులసికోట ముందు కాస్త చోటు చూపించి ముగ్గు డబ్బా చేతికిచ్చింది. ఆ రోజు అమ్మ మారు అన్నం అడిగి పెట్టించుకుంది.

నిరుపేద వృద్ధుల కోసం రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, కనీసం 150 మందికి చోటుండేలా పెట్టొచ్చని తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 19వ సెక్షన్‌లో ఉంది. ఆశ్రమాల్లో ఎలాంటి ప్రమాణాలుండాలో స్కీము రాసే అధికారం కూడా అదే సెక్షన్ మీకిచ్చింది. ఆ స్కీములో మొదటి నెల గురించి కూడా రాయించండి సార్. చేరకముందు ఒకసారి వచ్చి చూసి, ఒకపూట భోంచేసి వెళ్లే వీలుండాలి. ఎక్కడికి వెళ్తున్నారో పెద్దవాళ్లకి ముందే చెప్పి, వాళ్ల నోటితో సరేననిపించుకున్నాకే చేర్చుకోవాలి. ఇంటినుంచి తెచ్చుకున్న చెంబో దుప్పటో దేవుడి పటమో స్టోర్‌రూములో పడేయకూడదు. ఇంటి దగ్గర పొద్దుణ్ణుంచీ ఏం చేసేవారో అడిగి రాసుకోవాలి. ఆ నెలంతా ఒకే ఆయా చూసుకుంటే మరీ మంచిది, రోజుకో కొత్త మొహమైతే వాళ్లకి అదొక టెన్షన్. ఒకటో తారీఖున ఇంటికొచ్చే పింఛను 4000 కూడా ఉంది కదా, దాని బదిలీ కాగితాలు చేరిన రోజే అక్కడే పూర్తి చేయించాలి, ఎందుకంటే చేతిలో తన డబ్బు లేకపోతే అమ్మలాంటి వాళ్లు టీ అడగడానికి కూడా మొహమాటపడతారు.

ఇవన్నీ రాసేముందు పదేళ్లుగా ఆశ్రమాల్లో పనిచేస్తున్న ఆయాలని నలుగురిని పిలిచి కూర్చోబెట్టి అడగండి.

ఇట్లు,
ఒక కూతురు