బూజు దాణాకు పొట్లం మందు కాదు

సంపాదకుడు గారికి,

బూజు విషాల నుంచి ఆవుల అండాశయ కణాలను యాంటీఆక్సిడెంట్లు కాపాడతాయని కిందటి ఆదివారం మీ పత్రికలో వార్త వచ్చింది. ఆ ముక్క కత్తిరించి మా ఊరి దాణా కొట్టు గోడకు అంటించారు. దాని కిందే, ఇవీ యాంటీఆక్సిడెంట్లేనంటూ విటమిన్ ఇ, సెలీనియం పొట్లాలు అమ్ముతున్నారు. ఈ ఉత్తరం అందుకే.

ఆ ప్రయోగాలు జరిగేది గాజు పళ్లేల్లో. మొక్కజొన్నకు పట్టే ఫ్యుజేరియం బూజులో జెరలెనోన్ అనే విషం పుడుతుంది. ఒంట్లో చేరితే ఈస్ట్రోజన్ హార్మోనులా పనిచేస్తుంది. అండాన్ని చుట్టుకుని సాకే కణాలు దానికి దెబ్బతింటాయి. మెలటోనిన్ లాంటి యాంటీఆక్సిడెంట్లు కలిపితే ఆ దెబ్బ తగ్గుతోంది. మంచిదే, శాస్త్రవేత్తల కష్టాన్ని నేను కాదనను. కానీ పళ్లెంలో కణం వేరు, నెమరువేసే పశువు వేరు. జెరలెనోన్‌లో కొంత పశువు పెద్దపొట్టలోనే ఇంకా బలమైన రూపానికి మారుతుంది. ఆ సంగతి వార్తలో లేదు. సెలీనియం మోతాదు మించితే అదే విషమన్న మాటా లేదు. చూలు నిలవడం లేదన్న దిగులుతో రైతు ఒకటికి రెండు పొట్లాలు వేస్తే ఎవరిది పూచీ?

మా గేదె పోయిన వానాకాలం నుంచి నాలుగుసార్లు పొర్లింది, అంటే చూలు కోసం సూది వేయించినా నిలవక మళ్లీ ఎదకొచ్చింది. నాలుగో సూదికి వచ్చిన డాక్టరు గారు దాణా బస్తా చూపించమన్నారు. పైపైన బాగానే ఉంది. మోచేతి దాకా చెయ్యి దించితే అడుగున వెచ్చగా తగిలింది. తీస్తే ఉండకట్టి ఉంది, విరిస్తే లోపలంతా పచ్చటి బూజు. అదే కారణమని ఆయన తేల్చలేదు, పరీక్ష చేయించమన్నారు. ఆ దాణా మూట కట్టుకుని రెండు ఆఫీసులు తిరిగాను. ఒకచోట మా పని కాదన్నారు, ఇంకోచోట కిట్లు లేవన్నారు. బస్తా మీద తయారైన తేదీ కూడా చెరిగిపోయి ఉంది. అమ్మినతన్ని అడిగితే "వానాకాలం అంతేనండి, ఎండబెట్టి వేసేయండి" అన్నాడు. ఎండబెడితే తేమ పోతుంది గానీ పుట్టిన విషం పోతుందా?

ఇది గేదెతో ఆగే విషయం కాదు. వేరుశనగ చెక్క, పత్తి చెక్కల్లో ఉండే అఫ్లాటాక్సిన్ అనే ఇంకో బూజు విషం పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. 2018లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతటా 6,432 పాల నమూనాలు చూస్తే 5.7 శాతంలో అది పరిమితి దాటింది. దాన్ని చవకగా పట్టే కిట్టును పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఎప్పుడో తయారుచేసింది. వెన్న ఒక్క పాయింటు తగ్గితే రేటు కోసే పాలకేంద్రాల్లో, సూదుల లెక్కలు రాసుకునే పశువుల ఆసుపత్రుల్లో దాణా పరీక్ష ఎందుకు ఉండదు? పశువు చూలు కట్టకపోతే తప్పు ఎప్పుడూ రైతుదేనా?

మీ విలేకరిని ఒకసారి మా మండలానికి పంపండి. ఏ కొట్టులోనైనా సరే, బస్తా అడుగు దాకా చెయ్యి పెట్టి చూసి, ఆ వార్త కూడా వేయండి.

— ఒక పాడి రైతు, బాపట్ల జిల్లా