ఐ-80 మీద మమ్మల్ని ఆదుకున్న వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం క్షేమంగా ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి ఇంటికి చేరుకున్నాం. ఎడిసన్‌లో శరన్నవరాత్రులు మొదలైన రోజు బయల్దేరాం, దీపావళికి మూడు రోజుల ముందు ఇక్కడికొచ్చి పడ్డాం. మావారు పడుకున్నారు. నాకు మాత్రం ఇది రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు. దారిలో మాకు సాయం చేసినవాళ్లలో ఒక్కరు కూడా "మీకేం చేశాం, పోనివ్వండి" అనకుండా మమ్మల్ని పంపలేదు. ఏం చేశారో చెప్పుకోవలసింది మేమే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మావారు న్యూజెర్సీలో ముప్పై ఒక్క ఏళ్లు వంతెనల తనిఖీ ఉద్యోగం చేశారు. నేను ఆసుపత్రి ఫార్మసీలో చేశాను. ఇద్దరం రిటైరయ్యాక కిందటేడు ఒక సెకండ్‌హ్యాండ్ మోటర్‌హోమ్ కొన్నాం. ఇరవై నాలుగు అడుగుల బండి. మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ అందులోనే. ఐ-80 రోడ్డు మా ఇంటికి ముప్పావుగంట దూరంలో టీనెక్ దగ్గర మొదలై, పదకొండు రాష్ట్రాలు దాటి శాన్ ఫ్రాన్సిస్కోలో ముగుస్తుంది. సుమారు 2,900 మైళ్లు. ముప్పై ఏళ్లుగా ఆ రోడ్డు ఎక్కి ఆఫీసుకెళ్లి వెనక్కి వచ్చిన మనిషికి దాని చివర చూడాలని కోరిక. మొదటి నుంచి చివరిదాకా దిగకుండా పోదామన్నారు. సరేనన్నాను.

ముందు చిన్న చిన్న రుణాలు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి కోసం మాత్రం ఆ రోడ్డు వదిలి దక్షిణానికి దిగాం. పెన్ హిల్స్‌లో 1976లో వెలిసిన గుడి. మా పెళ్లైన కొత్తలో గ్రేహౌండ్ బస్సులో వచ్చి దణ్ణం పెట్టుకున్న స్వామి. అక్కడి అర్చకులు వాహన పూజ చేసి, ఇంత పెద్ద బండికి నిమ్మకాయలు కూడా పెద్దవే వెతికి మరీ పెట్టారు. ఆయనకు నమస్కారాలు. నెబ్రాస్కాలో కెర్నీ దగ్గర క్యాంప్‌గ్రౌండ్‌లో పక్క బండివాళ్లు, మేం డంప్ స్టేషన్ (బండిలోని మురుగునీళ్లు వదిలే చోటు) దగ్గర తడబడుతుంటే చూసి వచ్చారు. ముందు మరుగుదొడ్డి నీళ్లుండే బ్లాక్ ట్యాంక్, ఆ తర్వాతే స్నానం, గిన్నెల నీళ్లుండే గ్రే ట్యాంక్ వదలాలి, సబ్బు నీళ్లు ఆ పైపును కడిగేస్తాయి అని చేసి చూపించి, తొడుక్కోవడానికి కొత్త చేతి తొడుగులిచ్చారు. వాళ్లకూ కృతజ్ఞతలు.

ఇక వయోమింగ్.

లారమీ దగ్గర ఒక ట్రక్ స్టాప్‌లో పంజాబీ వంటగది ఉంది. అష్టమి రాత్రి అక్కడ దాల్, రోటీ తిని, ట్రక్కుల పక్కనే బండి పెట్టుకుని పడుకున్నాం. పొద్దున్నే రోడ్డు మీద బోర్డు వెలిగింది: గాలి వేగం యాభై మైళ్లు దాటుతుంది, జాగ్రత్త. రోడ్డు మూయలేదు. వెళ్దామా ఆగుదామా అని పది నిమిషాలు మాట్లాడుకుని బయల్దేరాం. ఆగి ఉండాల్సింది. రాకీ పర్వతాల వరసలో అక్కడొక పెద్ద సందు ఉంది. పడమటి గాలి అంతా ఆ సందులోంచే తోసుకొస్తుంది. పాత రోడ్డు ఉత్తరంగా మెడిసిన్ బౌ మీదుగా చుట్టు తిరిగి పోయేది. కొత్త రోడ్డును దగ్గర దారని ఎల్క్ మౌంటెన్ పక్క నుంచి వేశారు. అటు వద్దు, గాలికీ మంచుకీ తట్టుకోలేరు అని స్థానికులు మొత్తుకున్నారట. 1970 అక్టోబరులో తెరిచిన నాలుగు రోజులకే తుఫానుకు మూసేశారట. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి.

ఆర్లింగ్టన్ దాటాక గాలి బండిని పక్కకు నెడుతుంటే మావారు స్టీరింగ్ రెండు చేతులతో బిగించి పట్టుకున్నారు. అరల్లోని గిన్నెలన్నీ మోగుతున్నాయి. అప్పుడు వెనక కుడివైపు జంట టైర్లలో లోపలిది పేలింది. బాంబు పడ్డట్టు వినిపించింది. ఆ వెంటనే కాళ్ల కింద నేల అదిరింది. మావారు బ్రేకు తొక్కలేదు. మెల్లగా యాక్సిలరేటర్ వదిలి, బండిని తిన్నగా పోనిచ్చి, రోడ్డు అంచున ఉండే షోల్డర్ మీద ఆపారు. ఆయన చేతులు వణకడం నేను పెళ్లయ్యాక అదే మొదటిసారి చూడటం. ఆగీ ఆగగానే గ్యాస్ వాసన. చిరిగిన టైరు రబ్బరు చక్రం పైనున్న అరను చీల్చి, వైర్లు తెంపి, డ్రెయిన్ పైపు విరగ్గొట్టి, గ్యాస్ లైను నొక్కేసింది. దిగి సిలిండర్ వాల్వు కట్టేశాను. గాలికి తలుపు నా చేతిలోంచి ఊడిపోయేలా ఉంది.

రోడ్డు సాయం కంపెనీకి ఫోన్ చేశాం. మీ పాలసీలో ఈ సైజు బండి లేదన్నారు. ఏడాదిగా డబ్బు కడుతున్నాం. ఆ సంగతి మరోసారి.

ఐదు నిమిషాలు కూడా కాలేదు. ఒక పద్దెనిమిది చక్రాల ట్రక్కు మమ్మల్ని దాటబోయి వేగం తగ్గించి, మా వెనకే షోల్డర్ మీద ఆగింది. తలపాగా కట్టుకున్న కుర్రాడు దిగాడు. మా అబ్బాయి కంటే చిన్నవాడు. మొదట అడిగిన మాట "అంకుల్‌జీ, ఆంటీజీ, దెబ్బలు తగిలాయా?" రెండో మాట, "లోపల కూర్చోకండి, కంచె అవతలికి రండి." ఎవరైనా వెనక నుంచి వచ్చి గుద్దితే లోపలున్నవాళ్లకే ప్రమాదమట. తన మూడు త్రికోణాల బోర్డులు తీసుకుని, ఆ గాలిలో వంగి నడుస్తూ వెనక్కి వెళ్లి దూరం దూరంగా పెట్టి వచ్చాడు. ఆ తర్వాత మమ్మల్ని తన ట్రక్కు చాటున నిలబెట్టాడు. ఆ చాటులోకి వచ్చాకే ఒకరి మాట ఒకరికి వినపడింది. తన క్యాబ్‌లోంచి దుప్పటి, ఫ్లాస్కులో ఏలకుల చాయ్ తెచ్చాడు. రాలిన్స్‌లో టైర్ల పనివాడి నంబరు తన దగ్గరుంటే తనే మాట్లాడి పిలిపించాడు.

ట్రక్కు డ్రైవర్లకు ఇక్కడొక లెక్క ఉందండి. డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచి పద్నాలుగు గంటల్లోపే, అందులోనూ పదకొండు గంటలే బండి నడపాలి. మధ్యలో రోడ్డు పక్కన ఆగినా ఆ పద్నాలుగు గంటల గడియారం నడుస్తూనే ఉంటుంది. ఆ కుర్రాడు శాక్రమెంటో వెళ్లాల్సిన లోడుతో మా కోసం రెండు గంటలు ఆగాడు. ఆ రెండు గంటలూ వాడి సంపాదనే. "నీకు ఆలస్యం అవుతోంది బాబూ, వెళ్లు" అని నా వచ్చీరాని హిందీలో ఎన్నిసార్లన్నా, "పోలీసు వచ్చేదాకా కదలను" అన్నాడు. హైవే పెట్రోల్ అధికారి వచ్చి దీపాలు వెలిగించుకుని మా వెనక నిలబడ్డాకే వెళ్లాడు. డబ్బు ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. పేరు ఎక్కడా రాయొద్దన్నాడు. అందుకే రాయడం లేదు. బాబూ, ఎవరైనా ఇది నీకు చదివి వినిపిస్తే విను. నీ దుప్పటి నా దగ్గరే ఉండిపోయింది. ఉతికి, మడత పెట్టి ఉంచాను.

ఆ హైవే పెట్రోల్ అధికారికీ కృతజ్ఞతలు. టైరు మార్చినంతసేపూ కదల్లేదు. మేం అక్కడ ఉండగానే ఎత్తు బండ్లన్నిటికీ ఆ రోడ్డు మూసేశారు. తర్వాతి ఎగ్జిట్ దాకా తను వెనక, టైర్ల పనివాడు ముందు, మధ్యలో మేము, ఇరవై మైళ్ల వేగంతో నడిపించారు.

టైర్ల పనివాడి గురించి ఒక మాట అందరూ వినాలి. పేలిన ముక్క తిప్పి చూపించి "ఇది చదవండి" అన్నాడు. డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరసలో చివర నాలుగు అంకెలు: 2314. అంటే 2014లో ఇరవై మూడో వారంలో తయారైన టైరు. పదకొండేళ్లది. పైన గాడులన్నీ కొత్తవాటిలా ఉన్నాయి, అందుకే మేం మోసపోయాం. మోటర్‌హోమ్‌లు నడిచేది తక్కువ, ఎండలో నిలబడేది ఎక్కువ. టైరు అరగదు, లోపల రబ్బరు పగులుతుంది. అమ్మినవాళ్లు టైర్లు బాగున్నాయన్నారు, మేం గాడులు చూసి నమ్మాం. జీవితమంతా వంతెనల పగుళ్లు వెతికిన మావారు ఆ ముక్క పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయారు. మీలో ఎవరికైనా ఇలాంటి బండి ఉంటే ఇవాళే కిందకు దూరి చూడండి. తేదీ చాలా టైర్లకు ఒక పక్కనే ఉంటుంది, జంట చక్రాల్లో అది లోపలి వైపుకు తిరిగి కనబడకుండా ఉండొచ్చు. టార్చ్ పట్టుకుని దూరాలి. ఆరేడేళ్లు దాటితే గాడులు ఎలా ఉన్నా మార్చేయండి.

అతను ఆ పూట రెండు టైర్లు వేసి, మిగతా నాలుగు మర్నాడు తెచ్చాడు. టైర్ల ఖరీదు తప్ప రానూపోనూ ఛార్జీ తీసుకోలేదు.

రాత్రికి ఎక్కడుండాలి? గ్యాస్ లేదు, కరెంటు వైర్లు తెగాయి, అంటే ఫ్రిజ్ లేదు. మావారికి షుగరు. మూడు నెలలకు సరిపడా ఇన్సులిన్ పెన్నుల డబ్బాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. వాడుతున్న పెన్ను బయట ఉన్నా పర్వాలేదు, తెరవనివి చల్లగానే ఉండాలి. అలాగని గడ్డకట్టినా పనికిరావు. అక్కడ ఏడు వేల అడుగుల ఎత్తు, రాత్రి నీళ్లు గడ్డకట్టే చలి. ముప్పై ఏళ్లు జనానికి ఇదే చెప్పి పంపిన నేను, ఆ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని ఎక్కడ దాచాలో తెలియక కూర్చున్నాను.

టైర్ల పనివాడే తనకు తెలిసిన ఒక రాంచ్‌కు, అంటే పశువుల పొలానికి, తీసుకెళ్లాడు. డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దావిడ, ఒంటరిగా ఉంటున్నారు. ఆవిడ భర్తకు చిన్న క్యాంపర్ ఉండేదట, దానికోసం కొట్టం గోడకు పెట్టించిన ముప్పై యాంపుల ప్లగ్గు ఇంకా పనిచేస్తోంది. బండిని గాలి తగలకుండా కొట్టం చాటున పెట్టించారు. నేను ఇన్సులిన్ సంగతి చెప్పగానే ఆవిడ మాట్లాడకుండా వంటింట్లోకి తీసుకెళ్లి ఫ్రిజ్ తెరిచారు. తలుపులో పైన వెన్న పెట్టుకునే చిన్న అర ఖాళీగా ఉంది. "మా ఆయన ఇన్సులిన్ ఇక్కడే ఉండేది. నాలుగేళ్లుగా అందులో ఏమీ పెట్టలేదు" అన్నారు. తనే నా చేతిలోంచి డబ్బాలు తీసుకుని ఒకదాని మీద ఒకటి సర్దారు.

మూడు రాత్రులు అక్కడున్నాం. చేరిన మర్నాడు దసరా. గ్యాస్ లైను బాగుచేయడానికి ప్రొపేన్ మనిషి వచ్చాడు, టైర్ల అతను మళ్లీ వచ్చాడు. ఇవాళ మేం పనిముట్లకు దణ్ణం పెట్టుకునే రోజు అని చెప్పి, వాళ్ల జాకీకి, రెంచీలకు పసుపూ కుంకుమా పెడతానని అడిగాను. టైర్ల అతను టోపీ తీసి పక్కన పెట్టాడు. నేను పెట్టినంతసేపూ ముగ్గురూ కదలకుండా నిలబడ్డారు. పెద్దావిడ లోపలికెళ్లి, భర్త కంచె బాగుచేసుకునే పాత పట్టకారు తెచ్చి "దీనికీ పెట్టు" అన్నారు. అలాంటి దసరా నాకు మళ్లీ వస్తుందో రాదో.

ఆ సాయంత్రమే మన పిల్లలిద్దరు వచ్చారు, లారమీలో యూనివర్సిటీ ఆఫ్ వయోమింగ్‌లో చదువుకుంటున్నవాళ్లు. ఎడిసన్‌లో మా పక్కింటివాళ్లు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఎన్ని గ్రూపులు తిరిగిందో, చివరికి వీళ్ల దగ్గర ఆగింది. ఒకడిది జనగామ, ఒకడిది నరసరావుపేట. ఎప్పుడూ చూడని మనుషుల కోసం ఆ గాలిలో కారేసుకుని అరవై మైళ్లు వచ్చారు. బియ్యం కుక్కర్‌తో సహా తెచ్చారు. పప్పు, బెండకాయ వేపుడు, గోంగూర పచ్చడి. "పండగ పూట అన్నం లేకుండా ఎట్లుంటరాంటీ" అన్నాడు జనగామ పిల్లాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మీ అమ్మలకు నా మాటగా చెప్పండి నాయనా, బిడ్డల్ని బాగా పెంచారని.

ఆ పక్కింటివాళ్లకు, మెసేజ్ ముందుకు పంపిన ప్రతి ఒక్కరికీ, రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి ధైర్యం చెప్పిన మా అల్లుడికి కృతజ్ఞతలు. ఆ తర్వాత దారంతా ఏ ఇబ్బందీ లేకుండా సాగింది. యూటాలో బానవిల్ ఉప్పు మైదానం మీద తెల్లవారుజామున చెప్పులు విప్పి నడిచాం. నెవాడాలో గాలి అని బోర్డు కనబడితే చాలు, ఎల్కోలో ఒక రోజు, విన్నెమక్కాలో రెండు రోజులు హాయిగా ఆగిపోయాం. శాన్ ఫ్రాన్సిస్కోలో ఐ-80 ముగిసే చోట బండి ఆపడానికి వీల్లేదు. మావారు కిటికీ దించి చెయ్యి బయటపెట్టి ఒక్కసారి ఊపారు, అంతే.

మే నెలలో తిరుగు ప్రయాణం. అదే రోడ్డు. దుప్పటి ఇవ్వాల్సి ఉంది, లారమీ పిల్లలకు పులిహోర చేసి పెడతానని మాటిచ్చాను.

రాంచ్‌లో బయల్దేరే రోజు ఇన్సులిన్ డబ్బాలు తీసుకున్నాక ఆ అర మళ్లీ ఖాళీగా కనబడింది. నాకు మనసొప్పలేదు. మా బండిలో ఉన్న ఆవకాయ సీసా అందులో పెట్టి, కారం ఎక్కువ, కొంచెమే వేసుకోండి అని చెప్పి వచ్చాను. ఈ పొద్దున క్షేమంగా చేరామని చెప్పడానికి ఫోన్ చేశాను. కోడిగుడ్డు అట్టులో వేసుకుంటున్నారట. సీసా సగానికి వచ్చిందన్నారు.