పర్లాకిమిడి బాబాయికి

కార్ల్స్‌రూ, జర్మనీ

బాబాయి గారికి నమస్కారాలు.

పిన్నికి మోకాళ్ల నొప్పి తగ్గిందని అమ్మ ఫోనులో చెప్పింది. చలికాలం గడిచే దాకా ఆవిడను పొలం గట్ల మీదికి రానివ్వకండి.

తమ్ముడు పొలం కౌలుకిచ్చి విశాఖ వెళ్లిపోతానంటున్నాడని రాశారు. వెళ్లడం, ఉండడం వాడి ఇష్టం. కానీ వాడు చెప్పిన కారణం నన్ను నిద్రపోనివ్వలేదు. వేకువనే కోసిన వంకాయలు కాశీనగరం దాటి పర్లాకిమిడి బజారు చేరేసరికి బేరం అయిపోతోందట, ఇంకా మిగిలిన కొనేవాళ్లు అడిగిన ధరకే ఇచ్చి రావాలట. పండించేవాడికీ కొనేవాడికీ మధ్య దారి సరిగా లేకపోతే మంచి భూమి కూడా భారమవుతుంది. వాడు భూమిని కాదు, ఆ దారిని వదిలిపోతున్నాడు.

నేను ఇక్కడ చేసే పని రైలు వేళల లెక్కలు చూడడమే కాబట్టి ఈ సంగతి కాస్త వివరంగా రాస్తాను. 1992లో కార్ల్స్‌రూ వాళ్లు నగర వీధుల్లో తిరిగే ట్రామునే పెద్ద రైలు పట్టాల మీదికి ఎక్కించారు. రెండు రకాల కరెంటుతోనూ నడిచే బండి అది. బ్రెట్టెన్ అనే చిన్న పట్టణంలో ఎక్కినవాళ్లు బండి మారకుండా నగరం నడిబొడ్డున దిగవచ్చు. తరువాత చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఒకే టికెట్టు పద్ధతి తెచ్చారు. ద్రాక్షతోటల మధ్య ఊళ్లో ఉంటూ నగరంలో ఉద్యోగం చేసేవాళ్లు నా పక్క బల్ల దగ్గరే ఇద్దరున్నారు. ఊరు ఖాళీ కాలేదు, బడి మూతపడలేదు.

మన దగ్గర పట్టాలు లేవా? నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లోనే నడిచింది, తరువాత గుణుపురం దాకా సాగింది. 2004లో ఆపేసి, పట్టాలు వెడల్పు చేసి, 2011లో మళ్లీ గుణుపురం దాకా తెరిచారు. ఇప్పుడు ఆ దారిలో విశాఖకూ పూరీకీ బండ్లు వెళుతున్నాయి. సంతోషమే. అయితే దూరపు నగరాలకు చేర్చే బండి వేరు, గంపతో వెళ్లి అమ్ముకుని మధ్యాహ్నానికి ఇంటికి తిరిగి రాగలిగే బండి వేరు. మనకు ముందు కావలసింది రెండోది. దాని వేళను సంత వేళ చూసి నిర్ణయించాలి, గంపలకు ఒక పెట్టె విడిగా ఉండాలి, స్టేషను పక్కన చిన్న చల్లని గది ఉండాలి.

దీనికి అడ్డం వచ్చేది ఖర్చు కంటే సరిహద్దే అనిపిస్తుంది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లింది. పాతపట్నం ఆంధ్ర వైపు ఉండిపోయింది. మనుషులు మాత్రం ఈనాటికీ పెళ్లిళ్లకూ వైద్యానికీ బజారుకూ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. ప్రణాళిక వేసే కాగితాల మీద మాత్రం దారి రాష్ట్రం అంచున ఆగిపోతుంది. ఇక్కడ రైన్ నదికి ఒక ఒడ్డున ఫ్రాన్సు వాళ్ల స్ట్రాస్‌బూర్, ఇంకో ఒడ్డున జర్మనీ వాళ్ల కేల్. ఒకప్పుడు యుద్ధాలు చేసుకున్న రెండు దేశాల మధ్య 2017 నుంచి ట్రాము నడుస్తోంది. ఒక దేశంలోని రెండు జిల్లాల కలెక్టర్లు ఒక బల్ల దగ్గర కూర్చోవడం అంతకంటే కష్టమా?

ఇంకొక్క మాట. మ్యూనిక్ నగరానికి తాగునీరు ఎక్కువగా మాంగ్‌ఫాల్ లోయ నుంచి వస్తుంది. ఆ లోయలో రసాయనాలు లేకుండా సేద్యం చేసే రైతులకు నగరమే 1992 నుంచి డబ్బు ఇస్తోంది, ఎందుకంటే నీటిని తరువాత శుద్ధి చేయడం కంటే పొలంలోనే కాపాడడం మేలు. మహేంద్రతనయ నది పుట్టే కొండల్లో అడవిని నిలబెడుతున్న సవర రైతులను ఈ లెక్కలో ఎవరైనా తలిచారా? వాళ్ల చింతపండును తక్కువకు కొనడం వరకే వాళ్లతో పట్టణానికి సంబంధం. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. బజారు చెత్తలోని కూరగాయల తుక్కు ఎరువుగా మారి వాళ్ల పొలాలకూ మన పొలాలకూ తిరిగి వచ్చినా ఎంతో మేలు.

మీరు చేయగలిగింది ఒకటి ఉంది. కాశీనగరం చుట్టుపక్కల కూరగాయలు పండించే ఊళ్లు ఏవి, ఒక్కో ఊరి నుంచి రోజుకు ఎన్ని గంపలు వెళతాయి, ఏ వేళకు బయలుదేరతాయి, ఇవి తమ్ముడితో రాయించి పంపండి. రైలువారికి ఇవ్వాల్సిన వేళల పట్టిక నేను తయారు చేస్తాను. అర్జీ ఒడియాలోనూ తెలుగులోనూ రాయించి, పాతపట్నం వైపు రైతుల సంతకాలు కూడా పెట్టించండి. వాడు విశాఖ వెళ్లేలోపు ఈ పని వాడి చేతే చేయించండి.

పిల్లలకు ఆశీస్సులు.

మీ అన్న కూతురు,
శ్రావణి