లీజు మీద సంతకం పెట్టేముందు పార్కింగ్ రూల్స్ అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది ఖమ్మం, టెక్సాస్‌లోని డెంటన్‌లో ఎంఎస్ చదువుతున్నా. నాన్న రోజూ మీ పేపరే చదువుతారు, ఆయనలాంటి వాళ్ళ కంట పడాలనే ఇది రాస్తున్నా.

మేం నలుగురం కలిసి కొనుక్కున్న పాత కరోలా ఒకటుంది. పరీక్షల టైమ్‌లో ఓ రాత్రి లైబ్రరీ నుంచి వచ్చి మా అపార్ట్‌మెంట్‌లోనే పెట్టాం, పొద్దున లేచి చూస్తే కారు లేదు, కింద ఆయిల్ మరక ఒక్కటే ఉంది. ఎవరో ఎత్తుకుపోయారనుకుని కాళ్ళూ చేతులూ వణుకుతుంటే పోలీసులకి ఫోన్ చేశాం, వాళ్ళు నంబర్ చూసి టో చేశారని, అంటే టోయింగ్ కంపెనీ వాళ్ళు బండిని లాక్కెళ్ళారని చెప్పారు. టో చేసిన బండి యార్డుకి (అలాంటి బళ్ళు ఉంచే చోటుకి) చేరిన 2 గంటల్లోపు యార్డు వాళ్ళు పోలీసులకి చెప్పాలని ఇక్కడ రూల్, కాబట్టి ముందు వాళ్ళనే అడగండి. అద్దానికి తగిలించిన పార్కింగ్ పర్మిట్ ఊడి సీటు కింద పడిందంట, అది కనపడక టో చేశారు, అంతే. టో చార్జీ, యార్డు అద్దె కలిపి 300 డాలర్ల పైనే కట్టాం, మాకది నెల సరుకుల డబ్బు.

యూనివర్సిటీ పక్కన ఇళ్ళు కాబట్టి బయటివాళ్ళు వచ్చి బళ్ళు పెట్టేస్తారు, ఓనర్లకీ ఇబ్బందే, కాదనను. కానీ మేం ఇండియాలో ఉండగానే ఫోన్‌లో చూసి లీజుకి సంతకాలు పెట్టాం, పార్కింగ్ రూల్స్ కాగితం మాకెవరూ చూపించలేదు. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ ప్రకారం అలాంటి రూల్స్ ఉంటే సంతకానికి ముందే కాపీ ఇవ్వాలి. ఇంకోటి, టోయింగ్ కంపెనీ దగ్గర అపార్ట్‌మెంట్ ఓనర్ కమీషన్ తీసుకోవడం కూడా చట్టం ఒప్పుకోదు.

అన్నిటికంటే బాధేంటంటే, అన్యాయంగా టో చేశారనిపిస్తే జస్టిస్ కోర్టులో (చిన్న కేసులు చూసే ఇక్కడి లోకల్ కోర్టు) హియరింగ్ అడగొచ్చు, దానికి గడువు 14 రోజులు, శని ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు. మాకీ సంగతి తెలిసేసరికి గడువు దాటిపోయింది, డబ్బులు పోయినట్టే. ఇప్పుడు కొత్తగా వచ్చే జూనియర్లకి పర్మిట్‌ని, పార్కింగ్ బోర్డుని, కారు పెట్టిన చోటుని రోజూ ఒక ఫోటో తీసి పెట్టుకోమని చెప్తున్నా.

ఆగస్టులో మళ్ళీ చాలామంది బయల్దేరతారు. మీ విదేశీ విద్య పేజీలో వీసా, ఫీజుల వివరాలతో పాటు లీజులో పార్కింగ్ గురించి ఏం అడగాలో కూడా ఒక్కసారి వేయండి సార్, జూన్‌లోనే వేస్తే సంతకాలకి ముందే అందుతుంది.

ఇట్లు,
ఓ ఎంఎస్ విద్యార్థి, డెంటన్