పొగ మీటరుకు దొరకని బండ్లు

అయ్యా,

బీఎస్-6 (ఇప్పటి కాలుష్య నిబంధనల) లారీల్లో పొగలోని నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లనే హానికర వాయువులు) కొలిచే సెన్సర్ బదులు, దొంగ అంకెలు పంపే ఎమ్యులేటర్ డబ్బా బిగించి, నాక్స్‌ను తగ్గించే డీఈఎఫ్ (యూరియా ద్రవం) పోయకుండా తిప్పే బండ్లను పట్టుకోవాలని కొందరు అనడం సబబే. కానీ ఇప్పటి పొల్యూషన్ పరీక్షకు అవి దొరకవు. డీజిల్ బండికి యాక్సిలరేటర్ తొక్కి పొగ ఎంత చిక్కగా ఉందో కొలుస్తారు, అంతే. నాక్స్ ఆ మీటరుకు అందదు.

ఓనర్లు ఆ డబ్బా జోలికి ఎందుకు పోతున్నారో కూడా చూడాలి. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలుగుతుంది, బండి లాగదు, సెన్సర్ మారుస్తారు, కొన్నాళ్లకు మళ్లీ అదే లైటు. చాలాసార్లు తప్పు సెన్సర్‌ది కాదు.

స్కానర్ చూపే లోపం కోడ్ పూర్తిగా చదవాలి. అందులో ఎస్‌పీఎన్ అంటే లోపం దేనిదో, ఎఫ్ఎంఐ అంటే అది ఎలాంటిదో చెప్పే నంబర్లు. ఎస్‌పీఎన్ 3226, పొగ శుద్ధయ్యాక కొలిచే వెనక నాక్స్ సెన్సర్‌ది. దాంతోపాటు ఎఫ్ఎంఐ 9 ఉంటే సెన్సర్ నుంచి సమాచారం సరిగా అందడం లేదన్నమాట. అప్పుడు ముందు వైరింగే చూడాలి. కీ ఆన్‌లో సెన్సర్ కప్లర్ (వైరు కనెక్టర్) దగ్గర 24 వోల్టులు, మంచి ఎర్త్ ఉండాలి. బ్యాటరీ విప్పాక సమాచారం మోసే రెండు క్యాన్ వైర్ల మధ్య 60 ఓములు రావాలి. 120 వస్తే లైను తెగింది, లేదా ఒక చివర రెసిస్టర్ పోయింది. సున్నాకు దగ్గరైతే వైర్లు కలిసిపోయాయి. బ్యాటరీ విప్పకుండా ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టిస్తే మాత్రం సెన్సర్ మాడ్యూల్ నిజంగానే పోవచ్చు.

ఎస్‌పీఎన్ 4364 అయితే వేరే సంగతి. ఎస్‌సీఆర్ (డీఈఎఫ్ సాయంతో పొగను శుద్ధి చేసే క్యాటలిస్టు) నాక్స్‌ను తగినంత తగ్గించడం లేదని అది చెబుతోంది. డీఈఎఫ్ చిమ్మే డోజర్ నాజిల్ తెల్లగా గడ్డకట్టిందా, సైలెన్సర్‌కు ముందు గ్యాస్కెట్ లీకుందా చూడాలి. డీఈఎఫ్ చిమ్మడం ఆపి, దాని నుంచి పుట్టి ఎస్‌సీఆర్‌లో నిల్వ ఉన్న అమ్మోనియా ఖర్చయ్యేదాకా వేడి బండిని నడిపితే ముందు, వెనక సెన్సర్లు ఇంచుమించు ఒకే అంకె చూపాలి. చూపితే రెండూ బాగున్నట్టే. డీఈఎఫ్ అవసరానికి మించి పడ్డా ఇదే లైటు వెలగొచ్చు, ఎందుకంటే మిగిలిన అమ్మోనియాను కూడా సెన్సర్ నాక్స్‌గానే లెక్కిస్తుంది.

ఇక డీఈఎఫ్ నాణ్యత. ద్రవంలో యూరియా పాళ్లు చూపే రిఫ్రాక్టోమీటర్‌లో అది 32.5 శాతం ఉండాలి. కానీ పొలానికి వేసే వేపపూత యూరియాను బోరు నీళ్లలో కలిపినా అదే 32.5 చూపించొచ్చు! వేపనూనె, నీళ్లలోని సున్నం నాజిల్‌నూ క్యాటలిస్టునూ మెల్లగా పాడుచేస్తాయి. లూజుగా అమ్మే డీఈఎఫ్ క్యాన్ల నుంచి శాంపిళ్లు తీసి ల్యాబ్‌కు పంపే పని రవాణా శాఖ, వ్యవసాయ శాఖ కలిసి చేయాలి. సబ్సిడీ యూరియా ఎటు పోతోందో కూడా బయటపడుతుంది.

పొల్యూషన్ పరీక్షలో ఓబీడీ స్కాన్ (బండి కంప్యూటర్‌లోని కోడ్‌లు, అంకెలు చదవడం) తప్పనిసరి చేయాలి. అదొక్కటే చాలదు, కొన్ని ఎమ్యులేటర్లు నమ్మదగిన అంకెలే పంపుతాయి. పైపుకు రెండు సెన్సర్లూ ఉన్నాయా, కప్లర్ అసలు సెన్సర్‌కే వెళ్తోందా అని కిందికి వంగి చూడాలి. మామూలుగా 100 లీటర్ల డీజిల్‌కు 3 నుంచి 6 లీటర్ల డీఈఎఫ్ పడుతుంది కాబట్టి ఆ బిల్లులు కూడా అడగాలి.

– ఒక డీజిల్ మెకానిక్, విజయవాడ