తాతగారి జోడు తుపాకీ గురించి శీనుకి

బర్మింగ్‌హామ్

ప్రియమైన శీనూ,

నీ ఉత్తరం, ఫోటోలు చేరాయి. కబుర్లు తర్వాత, ముందు ఈ మాట విను. తాతగారి తుపాకీకి నికెల్ పూత వేయించకు. దాని మీద ఎమెరీ కాగితం పెట్టనివ్వకు. కొత్తదానిలా తళతళలాడించి ఇస్తానన్న ఆ పెద్దమనిషికి ఒక దండం పెట్టి పంపించెయ్యి. లైసెన్సు నీ పేరుకు మారిన సంబరంలో ఏదో ఒకటి చేయించాలని నీ చేతులు ఊరుకోవని తెలుసు. అయినా కొన్నాళ్ళు ఆగు.

గొట్టాల మీద చారలు చారలుగా మరకలున్నాయి, తుప్పేమో అని రాశావు. అవి మరకలు కావురా! వాటిని డమాస్కస్ బ్యారెళ్ళు అంటారు. ఇనుము, ఉక్కు పట్టీలను మార్చి మార్చి పేర్చి, కొలిమిలో అతికి, కడ్డీలుగా సాగదీసేవారు. ఆ కడ్డీలను ఎర్రగా కాల్చి మెలితిప్పేవారు. మెలితిప్పినవాటిని రెండో మూడో పక్కపక్కన అతికి, ఒక ఊచ చుట్టూ చుట్టి, అంచుకు అంచు కలిసిపోయేదాకా సుత్తితో కొట్టేవారు. అదీ గొట్టం! బెల్జియంలో లియేజ్ దగ్గరి వెస్డర్ లోయలో ఊళ్ళకు ఊళ్ళే ఈ పని మీద బతికాయి. ఇంగ్లండు తుపాకుల్లోనూ చాలావాటికి గొట్టాలు అక్కడి నుంచే వచ్చాయి. చివర్లో తుప్పు పట్టించే ద్రావణం పూస్తే ఇనుము ఒక రంగుకు, ఉక్కు మరో రంగుకు తిరుగుతాయి. నువ్వు చూసిన చారలు అవే. నికెల్ పూస్తే ఆ పనితనమంతా సమాధి అయిపోతుంది.

పనిలో పనిగా ఇంకో మాట. మీ నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు కదా, అలాంటి ఉక్కుతో చేసిన కత్తులనూ డమాస్కస్ అనే అంటారు, కానీ వాటి మీది అలలు వేరు. అవి మూసలో కరిగిన ఉక్కు నెమ్మదిగా చల్లారడంలోనే మొదలవుతాయి. తుపాకీ గొట్టం మీది అలలు కమ్మరి మెలితిప్పి తెచ్చినవి. రెండూ ఒకటేనని చెప్పి ఎక్కువ ధర అడిగేవారు ఇక్కడా ఉన్నారు.

నీ రెండో ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూశాను. హ్యామర్, అంటే తూటా పేలడానికి పిన్నును కొట్టే కొక్కెం, దించి ఉన్నా దాని ముక్కు కింది పిన్నును తాకకుండా కాస్త వెనక్కి నిలబడింది. 1867లో వుల్వర్‌హాంప్టన్‌కు చెందిన జాన్ స్టాంటన్ పేటెంటు తీసుకున్న పద్ధతి అలాగే పనిచేస్తుంది. కొట్టగానే హ్యామర్ దానంతట అదే వెనక్కి వస్తుంది. అంటే నీది అంతకు ముందుది అయ్యే అవకాశం తక్కువ. 1875లో ఆన్సన్, డీలీ ఇద్దరూ వెస్ట్లీ రిచర్డ్స్ సంస్థలో హ్యామర్లను లోపల దాచేసే పద్ధతి కనిపెట్టారు. క్రమంగా బయటి హ్యామర్లు పాతబడిపోయాయి. ఐదో జార్జి చక్రవర్తి మాత్రం లండన్ తుపాకుల సంస్థ పర్డీ వారి హ్యామర్ తుపాకులను వదల్లేదు. నేనూ ఆయన పక్షమే. ఎడమ హ్యామర్, కుడి హ్యామర్ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంగా ఉండేలా ఆకురాయితో అరగదీసిన ఆ చేతికి ఎంత ఓపిక ఉండాలి!

శనివారాలు నేను ఒక పెద్దాయన వర్క్‌షాపులో పని నేర్చుకుంటున్నానని చెప్పాను కదా. అక్కడ స్క్రూ విప్పడమే ఒక విద్య. ఒక్కో స్క్రూ గాడిలో బిగుతుగా కూర్చునేలా స్క్రూడ్రైవర్ మొనను అరగదీస్తాడు ఆయన. రవ్వంత వదులున్నా గాడి అంచు చితికిపోతుంది. తిరిగి బిగించాక గాడులన్నీ గొట్టం పొడవు దిక్కునే నిలవాలి. ఎక్కడైనా అడ్డం తిరిగి ఉంటే ఎవరో తెలియనివాళ్ళు చేయి పెట్టారన్నమాట. శీనూ, నీ ఫోటోలో కనిపించిన గాడులన్నీ తిన్నగా ఉన్నాయి! ఇన్నేళ్ళుగా దాన్ని ఎవరూ పాడుచేయలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తుపాకీ కర్ర, అంటే వెనక చెక్క భాగం సంగతి తేలికే. పాత నూనె ఇంకి నల్లబడిన చోట సుద్దపొడిని అసిటోన్‌లో కలిపి పట్టిస్తే, ఆరేకొద్దీ నూనెను పీల్చేస్తుంది. సొట్టలకు తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే చాలావరకు లేస్తాయి. తర్వాత అవిసె నూనె, పలుచగా, అరచేత్తో, వారాల తరబడి.

గొట్టాలను మాత్రం వేడి కాస్టిక్ తొట్టిలో ముంచి నల్లరంగు వేయిస్తామంటే అస్సలు ఒప్పుకోకు. గొట్టాల మధ్య పట్టీ మెత్తని టంకంతో అతికి ఉంటుంది, ఆ ద్రావణం టంకాన్ని తినేస్తుంది. పట్టీ బాగుందో లేదో చూడాలంటే గొట్టాల జతను కర్ర నుంచి విడదీసి, దారానికి వేలాడదీసి, వేలి కణుపుతో తట్టు. గుడి గంటలా మోగాలి. బొంగురుగా పలికితే ఎక్కడో టంకం వదిలింది.

ఒక్క తూటా కూడా పేల్చకు. ఆ రోజుల్లో చాలావాటిని పాతకాలపు నల్ల తుపాకీమందుకే (బ్లాక్ పౌడర్) పరీక్షించారు, తూటా గది కూడా చాలావాటికి రెండున్నర అంగుళాలే. ఇప్పటి రెండుముప్పావు అంగుళాల తూటా లోపల సరిపోయినట్టే కనిపిస్తుంది, పేలినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. తుపాకులను పరీక్షించే ఇక్కడి ప్రూఫ్ హౌస్ 1813 నుంచి ముద్రలు వేస్తోంది. గొట్టాల అడుగున 13 అని ఉంటే లోపలి వ్యాసం 0.710 అంగుళం. ఇప్పుడు కొలిస్తే 0.729 వచ్చిందనుకో, ఎవరో లోపల గీకి గోడను పలుచన చేశారని లెక్క. గోడ ఎక్కడైనా అర మిల్లీమీటరుకు దిగితే ఇక్కడివాళ్ళు గోడకు తగిలించుకోమంటారు.

లాకు, అంటే హ్యామర్‌ను నడిపే యంత్రం, దాని మీది లాక్ ప్లేటు పేరు చూసి మురిసిపోకు, అది అమ్మిన దుకాణానిది కావచ్చు. తుపాకులు చేసేవాళ్ళ పేట అయిన ఇక్కడి గన్ క్వార్టర్‌లో గొట్టం ఒకరు, లాకు ఒకరు, కర్ర ఒకరు, చెక్కడం ఒకరు చేసేవారు. గొట్టాల అడుగు ముద్రలు, ట్రిగ్గర్ గార్డు మీది నంబరు ఫోటోలు తీసి పంపు. పక్కన ఒక స్కేలు పెట్టడం మరిచిపోకు. అవి రాగానే పెద్దాయనకు చూపించి రాస్తాను. కొలతలు మాత్రం అక్కడ లైసెన్సున్న డీలరు దగ్గరే, నువ్వు పక్కనుండి తీయించు.

అమ్మగారికి నమస్కారాలు. పిల్లలు పరీక్షలు ఎలా రాశారో రాయి.

నీ
రఘు