రైతుకు రాసే సలహా పంపు లెక్కలో ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ వ్యవసాయ పేజీలో పత్తిలో గులాబీ రంగు పురుగు గురించి వచ్చిన సలహా చదివాను. మందు పేరు, మోతాదు, సమయం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ అది రైతు కోసం రాసినట్టు లేదు, కింది అధికారి పై అధికారికి పంపే నివేదికను అట్లే అచ్చువేసినట్టుంది. పరకాల చుట్టుపక్కల పల్లెల్లో వ్యవసాయ విస్తరణ అధికారిగా పనిచేసి రిటైరైన వాణ్ణి. అందుకే ఈ ఉత్తరం.

ఒకే పురుగు గురించి మేం ఒకే రోజు మూడు తీర్లుగా మాట్లాడేవాళ్లం. జిల్లా ఆఫీసుకు పోయే కాగితంలో ముందు విస్తీర్ణం రావాలి, ఏ మండలంలో ఎన్ని ఎకరాలు, ఎంత శాతం అని. మందుల దుకాణాల వాళ్లతో మాట కాస్త గట్టిగానే ఉండాలి: రెండు మూడు మందులు కలిపి అంటగట్టొద్దు, బిల్లు లేకుండా అమ్మొద్దు. చేను గట్టు మీదికి పోయాక ఆ కాగితమూ పనికిరాదు, ఆ గట్టితనమూ పనికిరాదు. అక్కడ చెప్పాల్సింది ఇట్లా ఉంటుంది: "చేనులో అటూ ఇటూ తిరిగి 100 పూలు చూడు పెద్దయ్యా. రెక్కలు విచ్చుకోకుండా మెలిపడి ముడుచుకున్నవి గుడ్డి పూలు. విప్పి చూస్తే లోపల పురుగుంటది. 100లో 10 అట్లా కనబడితే మందు కొట్టు, అప్పటిదాకా ఆగు. మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలో వరుసగా 3 రోజులు రోజుకు 8 రెక్కల పురుగులు పడ్డా కొట్టాల్సిందే."

శాస్త్రవేత్తలు చెప్పే నష్ట పరిమితి, అంటే ఇక మందు కొట్టక తప్పదనే హద్దు కూడా ఇదే. అంకె ఒక్కటి కూడా మారలేదు. ఏది ముందు చెప్పాలి, దేన్ని కళ్లతో చూడమనాలి అన్నదే మారింది.

రైతు సదస్సుల్లో అంతా విన్నాక వెనక నుంచి ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు: "గిదంతా మంచిగనే ఉంది సారూ, పంపుకెంత?" మీ పేజీలో ప్రొఫెనోఫాస్ మందు లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు అని ఉంది. రైతు వీపున మోసేది లీటరు కాదు, మందు కొట్టే పంపు. 16 లీటర్ల పంపయితే 32, 20 లీటర్లదయితే 40 మిల్లీలీటర్లు. ఈ లెక్క మీరు వేసి ఇవ్వకపోతే ఆయన డబ్బా మూతతో అందాజగా పోస్తాడు. మూత కంపెనీకో సైజు. తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే కొట్టేవాడికే ప్రమాదం. 1997-98లో పత్తి దెబ్బతిని మన జిల్లాలో ఎన్ని ఇళ్లు కూలిపోయాయో చూసినవాళ్లం. మందు మీద మందు కొట్టి, అప్పు మీద అప్పు చేసి ఆగమైన కుటుంబాలవి. రైతుకు అర్థమయ్యేటట్టు రాయడం చిన్న విషయమని నేననుకోను.

ఇంట్లో ఆడవాళ్లను ఏ సలహాలోనూ పలకరించరు. నీళ్లు తెచ్చేది, చాలాచోట్ల మందు కలిపేది, పత్తి ఏరేది వాళ్లే కదా. మందు డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, ఆకుపచ్చ. చదువు రానివాళ్లకు కూడా తెలియాలని పెట్టిన గుర్తు అది. ఏ రంగుకు ఏ అర్థమో వాళ్లకు చెప్పినవాళ్లు తక్కువ.

దసరా దాటితే ఏరడం ఊపందుకుంటుంది. అప్పుడు "తేమ 12 శాతం మించరాదు" అని రాస్తారు. తేమ మీటరు ఏ రైతు ఇంట్లో ఉంటుంది? 2025-26 సీజన్‌లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు ఉండింది. తేమ 8 శాతం దాటితే ఆ ధర మీద ఒక్కో శాతానికి దాదాపు 81 రూపాయలు కోత పడుతుంది, 12 దాటితే మద్దతు ధరకు కొనే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొననే కొనదు. ఈ సంగతి చెప్పి, మంచు ఆరినాకే ఏరమని, ఎండలో పరిచి ఆరబెట్టి బండికెత్తమని రాయండి. ఎందుకు ఆరబెట్టాలో తెలిసిన రైతుకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి. రైతుకు చెప్పడమంటే కొందరు తలపాగా చుట్టి, యాసను సాగదీసి మాట్లాడతారు. దానికి రైతులు నవ్వుతారేమో గానీ నమ్మరు. రైతు భాషలో చెప్పడానికి రైతు వేషం కట్టనక్కర్లేదు. "చేయవలెను", "పాటించని యెడల" అంటూ హుకుం జారీ చేసినట్టు రాసినా అంతే, రెండో వాక్యం దగ్గరే పేపరు మడిచి పక్కన పెడతారు. ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినంత మర్యాదగా చెబితే చాలు.

అక్టోబరులో ఈ పురుగు ఉధృతి పెరగక ముందే అదే సలహాను పంపు లెక్కతో, గుడ్డి పువ్వు ఫొటోతో మళ్లీ వేయమని నా విన్నపం. అచ్చుకు పంపే ముందు మీ విలేకరిని వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పంపి, అక్కడికి వచ్చిన ఇద్దరు ముగ్గురు రైతులకు చదివి వినిపించమనండి. విన్నాక వాళ్లు ఏం అడుగుతారో ఆ జవాబులు కూడా అందులో చేర్చండి.

— రిటైర్డ్ వ్యవసాయ విస్తరణ అధికారి, పరకాల, హనుమకొండ జిల్లా